మీ స్క్రీన్‌ను గీస్తున్నది ఎవరు?

ఈ ఉత్తరం ఒక పరిశోధక విద్యార్థిని నుంచి వచ్చింది. చాలా వివరంగా, తేదీలతో సహా రాసింది. ముఖ్యమైన సంగతులు ఇక్కడ క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమె వాడుతున్నది ఏడేళ్ల నాటి ల్యాప్‌టాప్. అన్నయ్య కొత్తది తీసుకున్నాక పాతది ఈమెకిచ్చాడు. ఇంటెల్ ప్రాసెసర్, అందులోనే కలిసి ఉన్న గ్రాఫిక్స్, అది కాక విడిగా ఒక ఎన్విడియా చిప్, 8 జీబీ ర్యామ్. పరిశోధనకు కావాల్సిన ఆర్ (గణాంకాల లెక్కలకు), లేటెక్ (థీసిస్ తయారు చేసుకోవడానికి) లాంటివి లినక్స్‌లో హాయిగా నడుస్తాయని తోటివాళ్లు చెప్పారు. అన్నయ్య వద్దంటున్నా వినకుండా విండోస్ తీసేసి ఉబుంటు అనే లినక్స్ వేసుకుంది. వేసేటప్పుడు మొదటిసారి స్క్రీన్ నల్లగా అయిపోయి అక్కడే ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే మెనూలో 'సేఫ్ గ్రాఫిక్స్' అని ఇంకో ఆప్షన్ కనిపించింది. దాంతో పని పూర్తయింది.

ఆ రోజు నుంచీ ఇదే తంతు. పేజీని కిందికి జరిపితే ముక్కలు ముక్కలుగా కదులుతుంది. వీడియో పెడితే ఫ్యాన్ హోరెత్తిపోతుంది, మాట ముందు, పెదవులు వెనక. బ్రైట్‌నెస్ కీలు నొక్కితే ఏమీ జరగదు. మూత మూసి తెరిస్తే స్క్రీన్ మళ్లీ వెలగదు, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపాల్సిందే. సెమినార్‌లో ప్రొజెక్టర్‌కి కలిపితే గుర్తించలేదు. అందరి ముందూ వేరేవాళ్ల ల్యాప్‌టాప్ అడిగి తీసుకోవాల్సి వచ్చింది.

మూడు వారాలుగా రాత్రిళ్లు కూర్చుని ఇంటర్నెట్‌లో దొరికిన సలహాలన్నీ వరసగా చేసింది. యానిమేషన్లు ఆపేసింది. ర్యామ్‌లోని వాటిని ఎంత తొందరగా డిస్క్‌కి తరలించాలో చెప్పే స్వాపినెస్ అనే విలువను 60 నుంచి 10కి తగ్గించింది. ఉబుంటుది కాని బయటి రిపాజిటరీ (ప్యాకేజీల గిడ్డంగి) ఒకటి కలిపి, బొమ్మలు గీసే పని చూసే మెసా అనే ప్రోగ్రామ్‌లో కొత్తది వేసుకుంది. ఇంటెల్ డ్రైవర్ కోసం ఒక కాన్ఫిగరేషన్ ఫైల్ రాసి పెట్టింది. దాంతో మర్నాడు లాగిన్ స్క్రీన్ కూడా రాలేదు. ఆ ఫైల్ తీసేసి ఎలాగో బయటపడింది కానీ, ఆ రెండు గంటల టెన్షన్ ఇంకా పోలేదంటోంది. 'ఈ ఒక్క లైన్ అతికించండి, అన్నీ సర్దుకుంటాయి' అని ఎవరో ఇచ్చిన కమాండ్ మాత్రం భయపడి వాడలేదు. ఇంకొకరైతే లినక్స్ వదిలేసి ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌కి మారిపొమ్మన్నారు.

థీసిస్ అధ్యాయాలు ఇవ్వడానికి మూడు వారాలే ఉంది. అన్నయ్య ఆదివారం వచ్చి మొత్తం తుడిచేసి మళ్లీ విండోస్ వేస్తానంటున్నాడు. "వద్దంటే విన్నావా" అన్న మాట ఆమెను బాగా గుచ్చుకుంది. చివర్లో మూడు ప్రశ్నలు అడిగింది. 'నా గ్రాఫిక్స్ కార్డ్ పేరు ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని సెట్టింగ్స్‌లో ఉంది, దానికి డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది? గేర్లు తిరిగే పరీక్షలో నాకు సెకనుకు 400 పైగా ఫ్రేములు వస్తున్నాయి, నా స్నేహితురాలికి 60 మాత్రమే వస్తున్నాయి, అయినా ఆమెది నున్నగా ఎందుకు నడుస్తోంది? ఇదంతా నా చేతగానితనమేనా?'

మూడో ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. కాదు. లాగిన్ స్క్రీన్ కూడా రాని మెషీన్‌లో, అక్షరాల తెర మీదే ఏ ఫైల్ వల్ల ఆగిందో వెతికి, దాన్ని తీసేసి, మళ్లీ నిలబెట్టుకున్నారు మీరు. అది చేతగాని వాళ్లు చేసే పని కాదు. జరిగిన పొరపాటు వేరే. వేరే వేరే మెషీన్లకు చెప్పిన మందులన్నీ తెచ్చి మీ మెషీన్‌కి వేశారు. రోగం ఏమిటో అడగకముందే మందు మొదలైంది. మీ ఉత్తరంలోనే రోగం పేరు ఉంది. మీరే రాశారు, కార్డ్ పేరు అనుకుని రాశారు.

ఎల్‌ఎల్‌వీఎంపైప్ కార్డ్ కాదు. దానికి డ్రైవర్ ఎక్కడా దొరకదు. అది మెసాలో ఉండే ఒక ప్రోగ్రామ్. లినక్స్‌లో త్రీడీ బొమ్మలు గీసే పనిని చాలావరకు మెసానే చూసుకుంటుంది. బ్రయాన్ పాల్ అనే ప్రోగ్రామర్ 1993లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ అది. గ్రాఫిక్స్ చిప్ అందుబాటులో ఉంటే మెసా దాని చేత గీయిస్తుంది. ఏ చిప్పూ పలకకపోతే స్క్రీన్ ఖాళీగా ఉండకూడదని, గీసే పనంతా ప్రాసెసర్ నెత్తిన పెడుతుంది. అలా ప్రాసెసర్‌తో గీయించే ప్రోగ్రామ్ పేరే ఎల్‌ఎల్‌వీఎంపైప్. సెట్టింగ్స్‌లో 'గ్రాఫిక్స్' అన్న వరసలో ఆ పేరు కనిపించిందంటే, మీ ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉండి కూడా ఒక్కటీ పనిచేయడం లేదన్నమాట. పేరు పక్కన 256 బిట్స్ అని ఉందని రాశారు కదా, అది కూడా కార్డ్ గొప్పతనం కాదు. ప్రాసెసర్ ఒకేసారి ఎంత వెడల్పు లెక్క చేయగలదో చెప్పే అంకె.

ఇప్పుడు మీ గేర్ల లెక్క చూద్దాం. ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువగా తప్పుదారి పట్టించింది అదే. ఆ గేర్ల కిటికీ మామూలుగా 300కి 300 చుక్కలు ఉంటుంది, అంటే 90,000. మీ పూర్తి స్క్రీన్ 1920కి 1080 అని రాశారు, అంటే 20,73,600 చుక్కలు. దాదాపు 23 రెట్లు. అంత చిన్న కిటికీలో మూడు గేర్లు తిప్పడం ప్రాసెసర్‌కి కష్టం కాదు, చకచకా గీసి పడేస్తుంది. పైగా స్క్రీన్ కోసం ఆగదు. మీ స్నేహితురాలి మెషీన్‌లో చిప్ గీస్తోంది, అది స్క్రీన్ సెకనుకు 60 సార్లు మారే లయకు కట్టుబడి, ఒక్కో ఫ్రేమ్ ఇచ్చి ఆగుతోంది. అందుకే 60. ఆ 60 ఆరోగ్యం, మీ 400 జ్వరం. అసలు బరువు పూర్తి స్క్రీన్‌ని సెకనుకు 60 సార్లు గీయమన్నప్పుడు తెలుస్తుంది. 12 కోట్లకు పైగా చుక్కలు. వాటితో పాటు వీడియోని విప్పే పని, మీ ఆర్ లెక్కలు, అన్నీ అదే ప్రాసెసర్ చూసుకోవాలి. ఫ్యాన్ హోరు అందుకే. గేర్ల అంకెతో రెండు మెషీన్లను పోల్చడం ఇకమీదట మానేయండి, అది పనికొచ్చే కొలత కాదు.

మరి చిప్‌లు ఎందుకు పలకడం లేదు? దీనికీ జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మొదటి రోజు మీరు ఎంచుకున్న 'సేఫ్ గ్రాఫిక్స్' ఆప్షన్ చూడండి. అది కెర్నల్‌కి, అంటే లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్‌కి, 'నోమోడ్‌సెట్' అనే ఒక మాట చెప్పి మెషీన్‌ను లేపుతుంది. గ్రాఫిక్స్ చిప్‌ల జోలికి పోవద్దు, ఆన్ అయినప్పుడు మెషీన్ ఇచ్చిన తెరతోనే సరిపెట్టుకో అని దాని అర్థం. ఇన్‌స్టాల్ చేసే ఆ గంట కోసం అది మంచి మాటే, అది లేకపోతే మీకు ఉబుంటు ఎక్కేదే కాదు. కానీ కొన్నిసార్లు ఆ మాట ఇన్‌స్టాల్ అయిన సిస్టమ్‌లోనూ ఉండిపోతుంది. ఇంటికి రంగులేసేటప్పుడు సామాన్ల మీద కప్పిన దుప్పటి తీయడం మర్చిపోయినట్టు.

ఇది నా ఊహే అయినా, ఉత్తి ఊహ కాదు. మీరు రాసిన ఒక్కో బాధా దీనికి సాక్ష్యం పలుకుతోంది. బ్రైట్‌నెస్ మార్చేది, మూత తెరిచాక స్క్రీన్‌ని మళ్లీ వెలిగించేది, ప్రొజెక్టర్ తగిలిందని గుర్తించేది, ఈ మూడూ కెర్నల్‌లోని గ్రాఫిక్స్ డ్రైవర్ చేసే పనులు. ఉత్తి నెమ్మది ఒక్కటే అయితే వంద కారణాలు వెతకాలి. నెమ్మదితో పాటు ఈ మూడూ కలిసి వచ్చాయంటే ఆ డ్రైవర్ అసలు లేవలేదనే అర్థం. సెమినార్‌లో మీరు పడ్డ ఇబ్బందికీ, రాత్రిళ్లు వీడియో ఆగిపోవడానికీ మూలం ఒకటే. విడివిడిగా వెతికారు కాబట్టి అవి నాలుగు సమస్యల్లా కనిపించాయి.

మీరు చేసిన మార్పులు ఎందుకు ఫలించలేదో కూడా దీంతో తేలిపోతుంది. ఎల్‌ఎల్‌వీఎంపైప్ మెసాలో భాగమే. కొత్త మెసా వేస్తే మీకు కొత్త ఎల్‌ఎల్‌వీఎంపైప్ వచ్చింది, అంతే, గీసేది మళ్లీ ప్రాసెసరే. స్వాపినెస్ అనేది ర్యామ్ నిండినప్పుడు సంగతి. మీకు 8 జీబీలో 3 జీబీ కూడా నిండడం లేదని మీరే రాశారు. అది 60లో ఉన్నా 10లో ఉన్నా మీకు తేడా తెలియదు, అలా ఉంచినా నష్టం లేదు. యానిమేషన్లు ఆపడం వల్ల మాత్రం కాస్త సాయం ఉంటుంది, గీయాల్సింది తగ్గింది కాబట్టి.

ఇంటెల్ ఫైల్ కథ ఇంకొంచెం చెప్పాలి. ఆ సలహా తప్పు కాదు, దాని కాలం వేరు. ఒకప్పుడు స్క్రీన్ రిజల్యూషన్ నుంచి చిప్ వరకూ అన్నీ, తెర మీద కిటికీలు చూపించే ఎక్స్ సర్వర్ అనే ప్రోగ్రామ్ చేతిలోనే ఉండేవి. 2009లో ఇంటెల్ చిప్‌లకు ఆ పని కెర్నల్‌లోకి మారింది, మిగతా చిప్‌లవీ వరసగా మారాయి. మీరు ఫైల్‌లో రాసిన 'ఇంటెల్' అనే ఎక్స్ డ్రైవర్ చివరి విడుదల 2014లో వచ్చింది. ఇప్పుడు చాలా సిస్టమ్‌లు దాన్ని వదిలేసి, ఏ ఒక్క చిప్‌కీ పరిమితం కాని 'మోడ్‌సెట్టింగ్' అనే డ్రైవర్‌ని వాడుతున్నాయి. పైగా ఆ పాత డ్రైవర్ పనిచేయాలన్నా, కెర్నల్ ముందుగా చిప్‌ను లేపి ఉండాలి. మీ మెషీన్‌లో కెర్నల్‌కి చిప్ జోలికి పోవద్దని చెప్పి ఉంది. ఇటు ఫైల్‌లో ఆ చిప్‌తోనే గీయాలి, ఇంకోటి వద్దు అని మీరు రాశారు. పాపం ఎక్స్ సర్వర్ రెండింటి మధ్యా నలిగి, 'ఏ స్క్రీనూ దొరకలేదు' అని లాగ్‌లో రాసి చేతులెత్తేసింది. ఆ రాత్రి మీరు చూసిన నలుపు అదే. మెషీన్ పాడైపోలేదు.

నేను కూడా మొదట్లో వేరే కార్డ్ కోసం రాసిన ఫైల్‌ని కాపీ చేసి, తెర రాక, రెండు వారాలు డ్రైవర్‌లు మార్చుకుంటూ పోయాను. తప్పు ఆ ఫైల్‌లో ఉందని ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఆ ఫైల్ ఉందని నేను ఎవరికీ చెప్పలేదు. అప్పటినుంచి ఏ సలహా చదివినా మొదట చూసేది రెండే. ఎప్పుడు రాశారు, ఏ చిప్ గురించి రాశారు. ఈ రెండూ లేని సలహాని చేతితో ముట్టను.

ఇక ఏం చేయవచ్చో చూద్దాం. దేనికైనా ముందు ఒక పని. థీసిస్ ఫోల్డర్, డేటా, ఆర్ స్క్రిప్టులు ఈ రోజే పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ, ఆన్‌లైన్‌లో ఇంకో కాపీ తీసుకోండి. కాపీ అయ్యాక పెన్‌డ్రైవ్‌ని వేరే మెషీన్‌లో పెట్టి, రెండు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే కాపీ ఉన్నట్టు.

మొదటి దారి, నా మనసుకు నచ్చింది, నా అనుమానం నిజమో కాదో పదిహేను నిమిషాల్లో తేల్చుకోవడం. టెర్మినల్‌లో ప్రాక్ ఫోల్డర్‌లోని సీఎండీలైన్ అనే ఫైల్‌ని క్యాట్ కమాండ్‌తో తెరవండి. ఒకే ఒక్క వరస కనిపిస్తుంది, ఈసారి మెషీన్ లేచినప్పుడు కెర్నల్‌కి చెప్పిన మాటలన్నీ అందులో ఉంటాయి. నోమోడ్‌సెట్ అక్కడ ఉంటే దొంగ దొరికినట్టే. లేకపోతే నా అంచనా తప్పు, ఈ దారి ఇక్కడే ఆపేయండి. అప్పుడు ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌కి హైఫన్, చిన్న కె తగిలించి, గ్రాఫిక్స్ చిప్‌ల కింద 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' అనే వరస ఉందో లేదో చూసి నాకు రాయండి. కెర్నల్ సందేశాల్లో ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) దొరకలేదన్న ఫిర్యాదు ఉంటే అది కూడా రాయండి.

ఆ మాట ఉందనే అనుకుందాం. దాన్ని వెంటనే శాశ్వతంగా తీసేయకండి. మొదటి రోజు స్క్రీన్ నల్లబడిన సంగతి గుర్తుంది కదా, దానికీ ఒక కారణం ఉండి ఉంటుంది. ఇలా రెండు చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లలో తరచూ మొండికేసేది ఎన్విడియా చిప్, దానికి లినక్స్‌లో ముందునుంచే ఉండే నూవో అనే డ్రైవర్. ఎన్విడియా తన చిప్‌ల లోపలి వివరాలు ఇవ్వని కాలంలో, చిప్ ప్రవర్తనను గమనిస్తూ బయటివాళ్లు ఓపికగా రాసిన డ్రైవర్ అది. గొప్ప శ్రమ, కానీ అన్ని చిప్‌లతోనూ సర్దుకోలేదు. నోమోడ్‌సెట్ చేసిందేమిటంటే, అల్లరి చేసేవాడు ఒక్కడైతే క్లాసు మొత్తాన్ని బయట నిలబెట్టింది. మీకు కావాల్సింది ఆ ఒక్కడినే పక్కన కూర్చోబెట్టడం.

మెషీన్ ఆన్ చేయగానే ఎస్కేప్ కీ నొక్కండి, పాత రకం బయోస్ అయితే షిఫ్ట్ నొక్కి పట్టుకోండి. లినక్స్‌ను లేపే గ్రబ్ అనే ప్రోగ్రామ్ మెనూ వస్తుంది. మొదటి వరస మీద ఉండి 'ఇ' అక్షరం నొక్కితే కొన్ని వరసలు కనిపిస్తాయి. అందులో 'లినక్స్' అన్న మాటతో మొదలయ్యే పొడవాటి వరస చివర్లో నోమోడ్‌సెట్ ఉంటుంది. దాన్ని చెరిపేసి, అక్కడ నూవో, చుక్క, మోడ్‌సెట్, ఈక్వల్ గుర్తు, సున్నా, మధ్యలో ఖాళీలు లేకుండా ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. నూవో స్పెల్లింగ్ చూసుకోండి, ఎన్-ఓ-యు-వి-ఇ-ఎ-యు. తర్వాత ఎఫ్10. ఈ మార్పు ఈ ఒక్కసారికే, ఎక్కడా రాసి ఉండదు. స్క్రీన్ నల్లబడితే రెండు నిమిషాలు చూసి, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపండి. మళ్లీ ఆన్ చేస్తే ఇప్పుడున్న మెషీనే లేస్తుంది, నెమ్మదిగానే అయినా లేస్తుంది. ఈ పరీక్షలో పోయేది ఏమీ లేదు కాబట్టే దీన్ని ముందు పెట్టాను.

లాగిన్ అయ్యాక మొదట బ్రైట్‌నెస్ కీ నొక్కి చూడండి. వెలుతురు తగ్గిందంటే సగం జవాబు వచ్చేసినట్టే. తర్వాత జీఎల్‌ఎక్స్‌ఇన్ఫో కమాండ్‌కి హైఫన్, పెద్ద బి తగిలించి నడపండి, మెసా-యుటిల్స్ అనే ప్యాకేజీలో ఉంటుంది. 'ఓపెన్‌జీఎల్ రెండరర్' వరసలో ఎల్‌ఎల్‌వీఎంపైప్ పోయి ఇంటెల్ అన్న పేరు రావాలి. వస్తే మూత మూసి తెరవండి, వీడియో పెట్టి ఫ్యాన్ వినండి. ఒకటి రెండు రోజులు ఇలాగే, ప్రతిసారీ చేత్తో మార్చుకుంటూ వాడి చూడండి. తృప్తిగా ఉంటే అప్పుడు ఈటీసీ ఫోల్డర్‌లో డీఫాల్ట్ కింద ఉన్న గ్రబ్ ఫైల్‌కి ఒక కాపీ తీసి, అదే మార్పు అందులో రాసి, అప్‌డేట్-గ్రబ్ నడపండి. అక్కడితో ఆ మార్పు స్థిరపడుతుంది.

దీనికో ఖరీదు ఉంది, ముందే చెప్పాలి. ఎన్విడియా చిప్ పనిలేకుండా కూర్చుంటుంది, దాన్ని నిద్రపుచ్చే డ్రైవర్ కూడా ఉండదు కాబట్టి కొన్ని మెషీన్లలో కరెంటు తాగుతూ ఉంటుంది, బ్యాటరీ తొందరగా అయిపోతుంది. అది భరించలేనంతగా ఉంటే ఎన్విడియా సొంత డ్రైవర్ వేసుకోవచ్చు. కానీ థీసిస్ ఇచ్చాకే వేయండి. వేసినప్పుడు కూడా తయారీదారు సైట్ నుంచి ఫైల్ దించి నడపకండి, కెర్నల్ అప్‌డేట్ అయినప్పుడు మళ్లీ నల్ల తెర చూడాల్సి రావచ్చు. ఉబుంటులోనే ఉన్న 'అడిషనల్ డ్రైవర్స్' నుంచి వేస్తే ఆ బాధ తక్కువ. సంతకం లేని డ్రైవర్లను ఎక్కనివ్వని సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే అది ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమని, రీస్టార్ట్‌లో ఒక నీలం తెర చూపించి అదే పాస్‌వర్డ్ అడుగుతుంది. చాలామంది అది ఏమిటో తెలియక దాటేస్తారు, ఆ తర్వాత డ్రైవర్ ఎందుకు ఎక్కలేదో అర్థం కాక తలబాదుకుంటారు.

రెండో దారి, ఈ మూడు వారాలూ దేన్నీ ముట్టుకోకపోవడం. ఇది పిరికితనం కాదు. గడువు తలమీద ఉన్నప్పుడు తెలిసిన కష్టంతో పనిచేయడం చాలాసార్లు తెలివైన పని. ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలికైన డెస్క్‌టాప్ వేసుకుని, దాని సెట్టింగ్స్‌లో కంపోజిటింగ్ (కిటికీలకు నీడలు, పారదర్శకత లాంటి హంగులు కలిపే పని) ఆపేస్తే ప్రాసెసర్ గీయాల్సింది బాగా తగ్గుతుంది. రాయడానికి, లెక్కలకు సరిపోతుంది. వీడియోలు ఫోన్‌లో చూసుకోండి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. మూత మూయగానే నిద్రపోయే సెట్టింగ్‌ని ఆపేయండి, లేకపోతే సేవ్ చేయని పేజీలు పోతాయి. ఈ దారిలో ఫ్యాన్ హోరు, వేడి, ప్రొజెక్టర్ కష్టం అలాగే ఉంటాయి.

మూడోది, అన్నయ్య చెప్పింది. ఆయన మాటలో నిజం లేకపోలేదు. ఆ మెషీన్‌లో విండోస్ బాగా నడిచేది, మళ్లీ వేస్తే గ్రాఫిక్స్ బాధలు చాలావరకు పోతాయి. ఆర్, లేటెక్ రెండూ విండోస్‌లోనూ ఉన్నాయి. కానీ తుడిచివేయడం ఒక పూట పని అయితే, మీ ప్యాకేజీలు, ఫాంట్లు, స్క్రిప్టుల్లోని ఫోల్డర్ దారులు అన్నీ మళ్లీ సర్దుకోవడానికి రెండు మూడు రోజులు పోతాయి. గడువుకు మూడు వారాల ముందు అది చిన్న లెక్క కాదు. ఆ రోజులు మీ దగ్గర ఉన్నాయా లేవా అన్నది మీరే చెప్పగలరు.

ఫ్రీబీఎస్‌డీ మంచి సిస్టమ్, కానీ ఈ సమస్యకు అది మందు కాదు. అక్కడ కూడా ఇంటెల్ చిప్‌ను లేపడానికి డీఆర్‌ఎం-కేమాడ్ అనే ప్యాకేజీ విడిగా వేసుకోవాలి, అది లినక్స్ డ్రైవర్ల నుంచి తెచ్చుకున్నదే. మిమ్మల్ని మీరు వీడియో అనే గ్రూపులో చేర్చుకోవడం మరిచిపోతే అక్కడా ఎల్‌ఎల్‌వీఎంపైప్ ఎదురవుతుంది. ఇల్లు మారినంత మాత్రాన నొప్పి తగ్గదు.

ఆ ఒక్క లైన్ కమాండ్ వాడకపోవడం మీరు చేసిన మంచి పని. మీరు పంపిన దాన్ని చూశాను. ఎక్కడి నుంచో ఒక స్క్రిప్ట్ దించి, చదివే అవకాశం కూడా ఇవ్వకుండా, సూడోతో పూర్తి అధికారం ఇచ్చి నడిపిస్తుంది. అందులో మంచే ఉండొచ్చు. కానీ రేపు ఏదైనా తేడా వస్తే అది ఏయే ఫైళ్లు మార్చిందో మీకు తెలియదు, ఎవరికీ చెప్పలేరు. అలాంటివి ఫైల్‌గా దించుకుని చదివి, అర్థమైన వరసలు మాత్రం ఒక్కొక్కటిగా చేసుకోవచ్చు.

ఇప్పటివరకూ చేసినవి తిరిగి సర్దడం గురించి కంగారు పడ్డారు. అన్నీ గుర్తులేవని రాశారు, మెషీన్‌కి గుర్తున్నాయి. టెర్మినల్‌లో 'హిస్టరీ' అని కొడితే మీరు ఇటీవల టైప్ చేసిన కమాండ్లు వరసగా వస్తాయి. వార్, లాగ్, ఏపీటీ ఫోల్డర్‌లలో ఉండే హిస్టరీ ఫైల్‌లో ఏ రోజు ఏ ప్యాకేజీ వేశారో, తీశారో తేదీలతో ఉంటుంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని నోట్‌బుక్‌లో రాసుకోండి. బయటి రిపాజిటరీ పీపీఏ (ఉబుంటు కోసం ఎవరైనా సొంతంగా పెట్టే రిపాజిటరీ) అయితే పీపీఏ-పర్జ్ అనే పనిముట్టు దాన్ని తీసేసి, ఉబుంటు సొంత మెసాని మళ్లీ నిలబెడుతుంది. ఇదీ చేయమనే అంటాను, కానీ మొదటి పరీక్షతో కలిపి ఒకే రోజు వద్దు. రెండూ ఒకేసారి మారిస్తే, బాగుపడినా చెడిపోయినా కారణం ఏదో తెలియకుండా పోతుంది.

ఇంటెల్ పేరు వచ్చాక కూడా నెమ్మదిగానే ఉంటే అప్పుడు వెతకాల్సినవి వేరు. ఏడేళ్ల దుమ్ము ఫ్యాన్‌లో ఉంటే ప్రాసెసర్ వేడెక్కి, తనే వేగం తగ్గించుకుంటుంది. పవర్ మోడ్ 'పవర్ సేవర్'లో ఇరుక్కుని ఉండొచ్చు. ఇంటెల్ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే పంచుకుంటుంది, అందుకే 8 జీబీ ఒకే స్టిక్‌గా ఉంటే రెండు 4 జీబీ స్టిక్‌ల కన్నా నెమ్మదిస్తుంది. ఇవన్నీ తర్వాతి సంగతులు.

అన్నయ్య దగ్గర ఓడిపోయానన్న బాధ మీ ఉత్తరమంతా కనిపిస్తోంది. ఆయన ఇచ్చిన వస్తువుని పాడు చేశానని మీరు అనుకుంటున్నారు, నా మాట వినలేదని ఆయన అనుకుంటున్నాడు. ఆదివారం వరకూ ఆగకుండా ఈ రోజే ఫోన్ చేసి, "మెషీన్ పాడవలేదు అన్నయ్యా, ఇన్‌స్టాల్ చేసినప్పటి ఒక సెట్టింగ్ మిగిలిపోయిందని అనుమానం ఉంది, నువ్వు వచ్చినప్పుడు ఇద్దరం కలిసి చూద్దాం" అని చెప్పండి. ఆయన రాక ఎలాగూ ఉంది కదా, తుడిచేయడానికి బదులు పక్కన కూర్చోవడానికి రమ్మనండి. గ్రబ్ మెనూలో వరస మార్చేటప్పుడు స్పెల్లింగ్ చూడడానికి ఇంకో జత కళ్లు ఉంటే మంచిదే. పరీక్ష ఫలించకపోతే విండోస్ వేయాలా, గడువు దాకా ఆగాలా అన్నది అప్పుడు ఇద్దరూ కలిసి తేల్చుకోవచ్చు, ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో ఉంటాయి కాబట్టి గాభరా ఉండదు.

సీఎండీలైన్ ఫైల్‌లో ఏం కనిపించిందో ఆ వరస ఉన్నదున్నట్టు నాకు రాయండి. ఒకవేళ ఎఫ్10 నొక్కాక తెర నల్లబడితే, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కినప్పుడు అక్షరాల తెర వచ్చిందా లేదా అన్నది కూడా రాయండి. వస్తే కెర్నల్ బాగానే లేచింది, తేడా దాని పైన ఎక్కడో ఉందని అర్థం. అసలు రాకపోతే నూవో కాకుండా ఇంటెల్ వైపు చూడాలి, అక్కడ మొదట ప్రయత్నించాల్సింది కొత్త కెర్నల్.